ఆకు రెండో పక్క

అన్యాయం జరిగింది బూదిదొడ్డి కుమ్మర ఉచ్చీరప్పకు. జరిగింది మాఘ పౌర్ణమి బుధవారం నాడు, పొద్దు వాలే వేళ, మఠంలో భజనకు తాళాలు తుడుస్తుండగా. చేసినవాడు దొంగ కాడు, దుర్మార్గుడూ కాడు. శరణమ్మ గురువమ్మ దగ్గర పదకొండేళ్ళుగా సేవ చేస్తున్న శిష్యుడు దేవేంద్రప్ప. ఎడమ చేత్తో తాటాకు పట్టుకున్నాడు, కుడి చేత్తో ఫోటో తీశాడు. అంతే. ఈ కాలంలో ఒక మనిషి కొంప కూల్చడానికి అంతకు మించిన కండబలం అక్కరలేదు.

దేవేంద్రప్ప ఒకప్పుడు టౌన్లో ఫోటో స్టూడియో నడిపినవాడు. నల్లపిల్లను ఎర్రగా, ఏడ్చే పెళ్ళికొడుకును నవ్వుతున్నట్టుగా చూపించడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక స్టూడియో మూతపడింది, అతనికి వైరాగ్యం పుట్టింది. మఠానికి వచ్చాడు. వచ్చేటప్పుడు వైరాగ్యాన్ని సంచిలో, ఫోన్ని జేబులో పెట్టుకొని వచ్చాడు.

మఠమంటే గొప్పగా అనుకోకండి. రెండు గదులు, ఒక పంచ, ఒక పెట్టెడు తాళపత్రాలు. శరణమ్మకు ఎనభై రెండేళ్ళు, కళ్ళలో పొర. చెప్పేదేమైనా ఎదురుగా కూర్చున్నవాడి చెవికి చెబుతుంది. ఆ మాటల్ని దేవేంద్రప్ప ఫోన్లో పట్టి, అరనిమిషానికి కోసి, కింద పిల్లనగ్రోవి సంగీతం పెట్టి "మఠం మాట" అని పేజీలో పెట్టేవాడు. నలభై మంది చూసేవాళ్ళు. అందులో పదకొండు మంది అతని బంధువులు.

నలభై అన్న అంకె అతన్ని లోపల కొరికేది. గురువమ్మంతటి మనిషి మాట నలభై మందికేనా? అది గురువు మీద భక్తి అనుకున్నాడు. ఎవడి అహంకారానికి వాడు పెట్టుకునే ముద్దుపేరు అదే.

పౌర్ణమికి పెట్టె తెరిచి తాటాకులు పూజకు పెడతారు. ఆ రోజు పైనున్న ఆకులో పాత లిపి కూడబలుక్కొని చదివాడు. "ధాత నామ సంవత్సరమున కరువు కాలమందు ఊరుమ్మడి విత్తనాల పాతరను తవ్వి విత్తులు ఎత్తుకపోయినవాడు కుమ్మర గుండయ్య." పాతరంటే ఊరి గింజలు దాచుకునే నేలగొయ్యి. విత్తనం పోతే ఆ ఏడే కాదు, మరుసటి ఏడు కూడా చావే.

ఆకు తిప్పి చూశాడు. వెనక పక్క ఖాళీ. ఫోటో తీసి, పైన పసుపుపచ్చ అక్షరాలు వేశాడు: "కరువులో ఊరి విత్తనం మింగిన దొంగ ఎవడు? నూట యాభై ఏళ్ళకు బయటపడ్డ రహస్యం!"

భజన అయ్యేసరికి నాలుగు వేల మంది చూశారు. తెల్లారేసరికి పంతొమ్మిది వేలు. వారం తిరిగేలోపల అరవై వేలు.

ఆ గుండయ్య మునిమనవడి కొడుకే మన ఉచ్చీరప్ప. ఊళ్ళో కుమ్మరిల్లు అదొక్కటే. అరవై వేల మందికి గుండయ్య ఒక కథ. బూదిదొడ్డికి మాత్రం ఫలానా వీధిలో, ఫలానా గడప.

మూడో నాడు పొద్దున ఆ గడప ముందు పగిలిన కుండ ఒకటి పడి ఉంది. ఉచ్చీరప్ప చేసిన కుండే, ఎవరో కొన్నదే. మరునాడు రెండు. గుమ్మం ముందు పగిలిన కుండ వేయడమంటే ఏమని అర్థమో మన నేల మీద విడమర్చి చెప్పాల్సిన పని లేదు. పీనుగ లేచిన ఇంటి గుర్తు అది. ఉచ్చీరప్ప భార్య గిడ్డమ్మ చీపురు పట్టుకొని పెంకులన్నీ ఒక మూలకు ఊడ్చింది. ఎవరినీ తిట్టలేదు. ఆమె తిట్టలేదన్న కబురే దేవేంద్రప్పకు ఎక్కువ భయం పుట్టించింది.

ఊరి వాట్సాప్ గ్రూపులో మాట మొదలైంది. సుంకులమ్మ జాతర ఫాల్గుణంలో వచ్చే తొలి మంగళవారం. జాతరకు కొత్త ఘటం కుండలు కాల్చే కుమ్మరింటి ఆవంలోనే కాలాలి, కుమ్మరి నెత్తిన రావాలి. ఆ ఘటం గుడి మెట్టు ఎక్కితేనే జాతర మొదలు. "విత్తనం దొంగ వంశం అమ్మవారి ఘటం మోసేదేంది? ఈసారి టౌన్లో ఇత్తడి బిందె కొందాం" అన్నాడొకడు. అవునంటే అవునని బొటనవేళ్ళు లేచాయి. ఊరిపెద్ద బసప్ప గౌడు జాతర ముందటి ఆదివారం చావడిలో పంచాయితీ అన్నాడు. తరతరాల హక్కు, ఊళ్ళో మనిషిగా నిలబడే చోటు, అన్నీ ఆ ఆదివారం తేలిపోతాయి.

 ఎనిమిదో రోజు దేవేంద్రప్ప పేజీలోంచి ఆ ఫోటో తీసేశాడు. తీసేశాక తెలిసింది, పెట్టడం ఒక్కటే తన చేతిలోదని. అప్పటికే అది ఊరూరా తిరుగుతోంది, తన పేరు లేకుండా, తన పసుపుపచ్చ అక్షరాలతో. జేబులో ఫోన్ గుర్రుమన్నప్పుడల్లా తొడ మీద తేలు పాకినట్టు ఉలిక్కిపడేవాడు. మోగకపోయినా ఉలిక్కిపడేవాడు.

పంచాయితీ మూడు రోజులుందనగా, గురువారం పొద్దున శరణమ్మ పంచలో కూర్చొని కొర్రలు చెరుగుతోంది. దేవేంద్రప్ప వచ్చి స్తంభం పక్కన నిలబడ్డాడు.

"అమ్మా, ఒక సందేహం."

"సందేహమా, భయమా?"

అతను స్తంభం మీది సున్నం గోటితో గీకాడు.

"సందేహమైతే రేపు రా. భయమైతే కూచో."

కూర్చున్నాడు. అంతా చెప్పాడు. చెప్తున్నంతసేపూ చేటలో కొర్రలు లేచి పడుతూనే ఉన్నాయి.

"ఆకులో లేని అక్షరం ఒక్కటి గూడా నేను పెట్టలేదమ్మా. ఉన్నది ఉన్నట్ల చూపించినా. దానికి పాపమెట్లా వస్తాది?"

"ఉన్నదంతా చూపించినావా?"

"ఆకంతా చూపించినా."

"తీసుకరా."

తెచ్చాడు. శరణమ్మ చేట పక్కన పెట్టి చేతులు దులుపుకొంది. ఆకు మీద చేయి వేయలేదు.

"ఎనక పక్క?"

"ఎనక ఏమీ లేదమ్మా. నేను తిప్పి చూసినా. ఖాళీ."

"కండ్లు మూసుకో. వేలు పెట్టు."

దేవేంద్రప్ప కళ్ళు మూసుకున్నాడు. ఖాళీ పక్క మీద బొటనవేలు పెట్టి ఇటు నుంచి అటు రాశాడు. నున్నగా ఉంది.

"ఏమీ లేదు."

"మళ్ళా."

మళ్ళా రాశాడు. శరణమ్మ అతని మణికట్టు పట్టుకుంది. "ఏమప్పా, అట్ల తోసేస్తావేంది? అది నీ ఫోను కాదు. తోస్తే ఇంకోటి రాదు. నిలబెట్టు వేలు."

వేలు నిలబెట్టాడు. అద్దం మీద జారీ జారీ అరిగిపోయిన వేలు, నిలబడటానికి ఇష్టపడలేదు. చాలాసేపటికి కింద ఏదో తగిలింది. వెంట్రుకవాసి గీత. దాని పక్కన ఇంకొకటి, వంపు తిరిగి.

కళ్ళు తెరిచాడు. ఆకు ఖాళీగానే ఉంది. 

తాటాకు మీద రాతంటే సిరా కాదు, ఘంటం మొనతో గీసిన గీత. గీసినప్పుడు కంటికి ఆనదు. దొండాకు పసరులో దీపం మసి కలిపి రుద్దితే గీతల్లోకి నలుపు దిగి అక్షరం లేస్తుంది. ఏ పక్క మసి పూస్తే ఆ పక్కే లోకం చదువుతుంది. ఏటేటా మఠంలో ఆకులకు మసి పూస్తారు. ఈ ఆకుకు మాత్రం ఎప్పుడూ ముందు పక్కే పూశారు.

 శరణమ్మ దొండతీగ వైపు చేయి చూపించింది. దేవేంద్రప్ప నాలుగు ఆకులు నూరి, దీపం మసి కలిపి, గుడ్డతో రుద్ది, తుడిచాడు. నూట యాభై ఏళ్ళ కిందటి చెయ్యి ఒక్కో అక్షరంగా పైకి లేచింది.

"ఈ మాట నేనే పదిమందిలో చెప్పితిని. చూచి చెప్పలేదు. విని చెప్పితిని. మఠము మాట గనుక జనము నమ్మిరి. గుండయ్య కుమ్మరిసారె విరుగగొట్టి ఆలుబిడ్డలతో పొలిమేర దాటించిరి. ఆపై వానకు పాతర గోడ కూలగా విత్తులన్నియు పందికొక్కుల బొరియలలో బయలుపడెను. గుండయ్య నిర్దోషి. దోషి నేను."

కింద ఒక పేరు. శరణమ్మ గురువుకు గురువు, వాళ్ళ గురువు పేరు.

దేవేంద్రప్ప రెండుసార్లు చదివాడు. తను లోకానికి చూపించింది దొంగ పేరు కాదు. ఒక మనిషి తప్పు ఒప్పుకోవడానికి ముందు, ఆ తప్పు ఏమిటో చెప్పుకున్న వాక్యం.

"ఈ పక్క మసి ఎందుకు పూయలేదమ్మా ఎవురూ?"

"తప్పు ఒప్పుకున్న పక్క ఎవురు పూస్తారప్పా?"

"నాకొక్క మాట చెప్పింటే..."

"నువ్వు అడగలేదు. ఫోటో తీసినావు."

శరణమ్మ మళ్ళీ చేట అందుకుంది.

అతను ఆగలేదు. మధ్యాహ్నమే రెండో పక్క ఫోటో తీసి పెట్టాడు. ఈసారి పసుపుపచ్చ అక్షరాలు లేవు. "దయచేసి అందరూ చూడండి, నా వల్ల తప్పు జరిగింది" అని రాశాడు. గడియకొకసారి తీసి చూశాడు. సాయంత్రానికి నూట పన్నెండు మంది. దొంగ కావాలన్నవాళ్ళు అరవై వేలు, దొంగ లేడంటే వినేవాళ్ళు నూట పన్నెండు. ఆ నూట పన్నెండులోనూ కిందకు దిగి రాసిన మాటలు ఇవి:

"మసి ఇంకా తడిగా ఉంది స్వామీ. నిన్న రాశారా, మొన్న రాశారా?"

"మొదటి ఆకు చూడండి, ఎంత పాతగా ఉందో. ఇది చూడండి, ఎంత నిగనిగలాడుతోందో. మేం పిచ్చోళ్ళమా?"

"పందికొక్కులట! ఇంకా నయం, పిట్టలు అనలేదు."

"కుమ్మరోళ్ళు మఠానికి ఎన్ని కుండలిచ్చారో!"

శుక్రవారమంతా అతను జవాబులు రాశాడు. ఒక్కో జవాబుకు నాలుగు తిట్లు మొలిచాయి. ఏటేటా మసి తాగిన అబద్ధం పెద్దమనిషిలా కూర్చుంది. నిన్న కళ్ళు తెరిచిన నిజం దొంగపిల్లలా నిలబడింది. ఫోటోలో వేలు పెట్టి చూడమని ఎవరికి చెప్పగలడు?

శనివారం పొద్దున్నే శరణమ్మ ముందుకొచ్చి కూలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అమ్మా, మీరే చెప్పల్ల. మీ ముఖం పెడతా, మీ నోటితో చెప్పండి. రెండే నిమిషాలు. రేపే పంచాయితీ. మీరు చెప్తే నమ్ముతారు."

"పోయినసారి గూడా మఠం చెప్పిందనే నమ్మినారు" అంది శరణమ్మ. కట్టె అందుకొని లేచింది. "పా. ఉచ్చీరప్ప ఇంటికి పోదాం."

దేవేంద్రప్ప చెప్పులు వెతుకుతున్నట్టు వెనకబడ్డాడు. పద్దెనిమిది రోజులుగా ఆ వీధి తప్పించి తిరుగుతున్నాడు. బజారుకు పోవాలన్నా చుట్టు తిరిగి పోతున్నాడు.

కుమ్మరింటి ముందు సారె ఆగి ఉంది. పంచలో నీడపట్టున ఘటం ఆరి ఉంది, ఇంకా కాల్చలేదు. ఆవంలో కట్టెలు పేర్చి ఉన్నాయి, నిప్పు లేదు. మూలన పెంకుల కుప్ప మోకాలెత్తు పెరిగింది.

ఉచ్చీరప్ప గబగబా గోనెపట్ట పరిచాడు. "రా గురువమ్మా, కూచో. నువ్వూ కూచోన్నా." ఆ 'అన్నా' అన్న పిలుపుకు దేవేంద్రప్ప తల ఇంకో బెత్తెడు దిగింది.

శరణమ్మ కూర్చుంది. "దేవేంద్రా, నువ్వు ఊరికి చెప్పిన మాట ఈళ్ళకు చెప్పలేదంట. చదివి వినిపించు. నువ్వు పెట్టింది పెట్టినట్లనే."

"అమ్మా..."

"పైన రాసిన రంగు అక్షరాలు గూడా."

దేవేంద్రప్ప నిలబడ్డాడు. ఎదురుగా ఉచ్చీరప్ప, చేతుల మీద ఎండిన మట్టి, గడ్డంలో నెరుపు. పక్కన గిడ్డమ్మ, కొంగు నడుముకు దోపి. వీళ్ళకు ముఖాలున్నాయన్న సంగతి అతనికి తెలియనిది కాదు. రాసేటప్పుడు మాత్రం ముఖాలు కనపడలేదు, అంకె ఒక్కటే కనపడింది.

"కరువులో..." అన్నాడు.  మళ్ళీ మొదలుపెట్టాడు. "కరువులో ఊరి విత్తనం మింగిన..."

తరువాత మాట రాలేదు. 

"చదువన్నా, పర్వాలేదు" అన్నాడు ఉచ్చీరప్ప. వెటకారం కాదు, నిజంగానే సాయం చేస్తున్నాడు. "నాకు నోటికొచ్చు. మా చిన్నమ్మికి గూడా వచ్చు. ఇస్కూల్లో దాని పక్కన కూచునేటోళ్ళు నేర్పించినారు."

గిడ్డమ్మ అప్పుడు నోరు విప్పింది. "ఏమన్నా, అరవై వేల మందికి చెప్పినోనివి. ఇద్దరికి చెప్పల్లంటే నోరు పెగలదా? మేమేమి, అంత పెద్దోళ్ళమా? ఆ మాట నీ నోటితో ఒకసారి విందామని ఇన్ని దినాలు కాచుకోనుంటిమి. ఎవుడెవుడో ఇంటి ముందర కుండ పగలగొట్టి పారిపోతాడు. అసలోనివి నువ్వు. నువ్వైనా నిలబడి అనిపో."

దేవేంద్రప్ప శరణమ్మ వైపు చూశాడు. ఆమె ఆవం వైపు చూస్తోంది.

అతను ఆకు తిప్పాడు.  రెండో పక్క చదివాడు. ఈసారి గొంతు పెగిలింది. పలకలేకపోయిన చోట ఆగాడు, మళ్ళీ చదివాడు. చివరి వాక్యం దాకా చదివాడు.

ఉచ్చీరప్ప చేతి మీది ఎండిన మట్టి గిల్లుకున్నాడు.

"పందికొక్కులా?" అన్నాడు చివరికి.

నవ్వడం మొదలుపెట్టాడు. అది వినదగిన నవ్వు కాదు. "వింటివేమే గిడ్డీ! మా ముత్తాత నాయిన పందికొక్కుల పాపం నెత్తినేసుకొని పొలిమేర దాటినాడంట. ఆయప్ప కొడుకు మళ్ళా ఈ ఊరికే వచ్చి, ఈ ఊరికే కుండలు చేసినాడే! సిగ్గుల్యా మాకు!" నవ్వుతూనే మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు, మట్టి ముఖానికంటింది. "అయినా ఇప్పుడిది ఎవురికి చెప్తావన్నా? కుండకు మూకుడు చేసేది నేనే. ఊరి నోటికి మూకుడు చేసేది మా తాతలు నాకు నేర్పలేదు."

తిరిగి వస్తుంటే దారిలో శరణమ్మ ఒక్క మాటే అంది. "ఈపొద్దు ఎవురితో మాట్లాడొద్దు. ఫోన్లో గూడా. రేపు నీకు గొంతు కావల్ల."

ఆదివారం చావడి నిండిపోయింది. ఆడవాళ్ళు గోడవారన, మగవాళ్ళు అరుగుల మీద, కుర్రకారు మెట్ల మీద ఫోన్లతో. ఉచ్చీరప్ప ఒక స్తంభానికి ఆనుకొని నిలబడ్డాడు, అతని చుట్టూ రెండు బారల నేల ఖాళీగా ఉంది. శరణమ్మ అరుగు కొసన కూర్చుంది. దేవేంద్రప్ప ఫోన్ మఠంలోనే పెట్టి వచ్చాడు. జేబు బోడిగా ఉంటే గుండె కూడా బోడిగా ఉన్నట్టనిపించింది. చెయ్యి మాటిమాటికీ అక్కడికే పోతోంది.

బసప్ప గౌడు గొంతు సవరించేలోపల అతను లేచాడు.

"ఉచ్చీరప్ప తాతల మీద దొంగ అని మాట పెట్టింది నేను. చూసి పెట్టలేదు. సగం చూసి పెట్టినా."

గుసగుసలు లేచాయి. అతను ఆకు రెండు పక్కలూ చదివాడు. చదవడం అయిందో లేదో మెట్ల మీది నుంచి ఒకడు అరిచాడు: "మసి కొత్తది! మేం ఫోన్లో చూసినాం!"

"మసి కొత్తదే. నేనే పూసినా. గీత పాతది. వచ్చి వేలు పెట్టి చూడండి."

గౌడు చేయి చాచాడు. ఆకు మీద వేలు పెట్టి, కళ్ళు మూసుకొని, కనుబొమలు ముడిచి, చాలాసేపు చూశాడు. తరువాత తన చేతిని తనే చూసుకున్నాడు. "నా వేలికేమీ తెలీదప్పా. నాగలి మేడి పట్టీ పట్టీ కాయలు కాసినాయి. అయితే నీ మాటే నమ్మల్లంటావా?"

"నమ్మొద్దు గౌడా. పోయినసారి ఊరికే నమ్మినారు. ఈసారి అడగండి."

అడిగారు. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, పాతర ఎక్కడుండేది, పందికొక్కులు అంత గింజ మోస్తాయా? "మోస్తాయి. మా గాదెలో రెండు మూటలు మోసినాయి" అని గోడవారనుంచి ఒక ముసలామె అంది. ఒకడు ఇంకొకణ్ణి అడ్డుకున్నాడు. ఒకడు అడిగిందే అడిగాడు. దేవేంద్రప్ప తెలిసినదానికి చెప్పాడు, తెలియనిదానికి తెలియదన్నాడు. పొద్దు నడినెత్తికి వచ్చింది. ఫోన్లో వచ్చినప్పుడు ఒక్కడు ఒక్క ప్రశ్న అడగలేదు. దాన్ని ఎవరు అడుగుతారు, అది ఎవరికి జవాబు చెబుతుంది?

"అయితే దొంగ నువ్వేరా!" అన్నాడు మెట్ల మీదివాడు.

దేవేంద్రప్ప తల ఊపాడు.

అప్పుడు గోడవారన కూర్చున్న గిడ్డమ్మ లేచింది. "నాదొక ప్రశ్న. ఇన్నేండ్లు ఈ ఆకు మఠంలోనే ఉండాది కదా. ఈ రెండో పక్క ఒక్కరన్నా చూడలేదా?"

 ఉదయం నుంచి ఏ ప్రశ్న రాకూడదని దేవేంద్రప్ప భయపడుతున్నాడో ఆ ప్రశ్నే వచ్చింది. గురువారం నాడు తను కూడా ఇదే సూటిగా అడగాలని, అడగలేక, మసి నూరుకుంటూ కూర్చున్నాడు. తెలియదని చెప్పాలా? తెలియదని చెబితే మళ్ళీ సగం మాటే, గురువమ్మకు తెలుసంటే...

"నేను చూసినా" అంది శరణమ్మ.

గోడవారన ఆడవాళ్ళు ఆమె వైపు తిరిగారు.

"ఇరవై నాలుగేండ్లప్పుడు ఈ పెట్టె నా చేతికొచ్చింది. ఆ యేడే నా వేలికి తగిలింది. మా పెద్దాయన పేరు గదా అని మసి పూయలేదు."  కట్టె మీద రెండు చేతులూ పెట్టుకొని కూర్చుంది. ఎవరేమన్నా పడదామన్నట్టు కూర్చుంది.

 గౌడు చాలాసేపు తలపాగా విప్పి చుట్టుకున్నాడు. తరువాత స్తంభం వైపు తిరిగాడు.

"ఏమి ఉచ్చీరప్పా, ఆవం కాల్చినావా?"

"మీరు చెప్పంది ఎట్ల కాలుస్తా?"

"కాల్చు పో. మంగళవారం ఎంతో దూరం లేదు."

ఉచ్చీరప్ప దండం పెట్టలేదు. భుజం మీది తువ్వాలు దులిపి వేసుకొని నడిచాడు. అతని చుట్టూ ఉన్న ఖాళీ నేల కొంచెం దూరం అతనితోపాటే నడిచింది. మెట్ల దగ్గర ఇద్దరు జరిగి దారిచ్చారు. నలుగురు జరగలేదు, ఫోన్లలోంచి తల ఎత్తలేదు.

ఆ సాయంత్రం మఠంలో దేవేంద్రప్ప ఫోన్ చేతికి తీసుకున్నాడు. తీసుకోకుండా ఉందామనుకుని తీసుకున్నాడు. ఎవరో ఎక్కడినుంచో పంపారు. అదే ఆకు, మొదటి పక్క. ఇప్పుడు దానికి ఒక ఆడగొంతు, వెనక డప్పు. ఊరి పేరు మారింది. చూసినవాళ్ళు లక్షా ముప్పై వేలు. కింద ఎవరో అడిగారు: "ఆ వంశం ఇప్పుడు ఎక్కడుంది? అడ్రస్ ఉందా?"

ఫోన్ పట్టుకొని పంచలోకి పరుగెత్తాడు. "అమ్మా! ఇది ఆగదా ఇంక?"

"ఆగదు" అంది శరణమ్మ.

ఆ మాట అన్నాక కూడా ఆమె ముఖం మారలేదు. పెట్టెలోంచి రాయని తాటాకు ఒకటి, ఘంటం ఇమ్మంది. ఆకును ఎడమ అరచేతిలో పెట్టి, కంటికి ఆనకపోయినా, బొటనవేలి ఆనవాలుతో మెల్లగా గీసింది. ఒక్క వాక్యానికి చాలాసేపు పట్టింది. తరువాత ఘంటం అతనికిచ్చింది.

"నాది రాసినా. నీది రాయి."

అతను ఆకు అందుకున్నాడు. ఏమీ కనపడలేదు. కళ్ళు మూసుకొని, వేలు నిలబెట్టి, చదువుకున్నాడు: "రెండవ పక్క కలదని తెలిసి ఏబది ఎనిమిదేండ్లు మసి పూయనిది శరణమ్మ."

గురువు వాక్యం కింద తన వాక్యమా? చేయి రాలేదు. ఆకు వెనక్కి తిప్పబోయాడు.

"తిప్పొద్దు" అంది శరణమ్మ.

"మీ పక్కనే రాయల్లనా అమ్మా?"

"నా కిందనే రాయి. ఆకు తిప్పే పని ఎవురికీ పెట్టొద్దు."

అతను రాశాడు. రాసి, పసరు నూరి, మసి కలిపి, రెండు వాక్యాలకూ తనే పూశాడు.

"సగము చూచి పదిమందిలో చెప్పినది దేవేంద్రప్ప. ఆ మాటకు నష్టపడినవారు కుమ్మర ఉచ్చీరప్ప, అతని భార్య గిడ్డమ్మ, వారి బిడ్డ. క్రోధి నామ సంవత్సరం, ఫాల్గుణ శుద్ధ తదియ, ఆదివారం. 2025 మార్చి 2."